ఎండిన బోర్లు యాడికి పోయినాయి?

పొద్దున ఐదున్నరకి లేచి, ఫోను ముట్టుకోకుండా పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చుని, తర్వాత మార్కస్ అరీలియస్ ఒక పేజీ చదివి, నోట్‌బుక్కులో ‘నా చేతిలో ఉన్నవి’, ‘నా చేతిలో లేనివి’ అని రెండు వరసలు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకడు నాకు బాగా తెలుసు. బెంగళూరులో ఉంటాడు. 2021 నుంచి 2023 దాకా ఈ పద్ధతి ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆ రెండేళ్ళలోనే ఆప్షన్స్ ట్రేడింగులో 11 లక్షలు పోగొట్టుకున్నాడు. నిద్ర చెడగొట్టుకోకుండా, ఇంట్లో ఎవరి మీదా అరవకుండా, చాలా నిదానంగా పోగొట్టుకున్నాడు. వాడు నేనే.

ఆ పది నిమిషాల మీద నాకు కోపం ఉంది. ఈ వ్యాసం ఆ కోపంతోనే రాస్తున్నాను కాబట్టి అక్కడక్కడ అన్యాయంగా అనిపిస్తే సర్దుకోండి.

మా తరానికి తత్త్వశాస్త్రం ఉన్నట్టుండి ముద్దొచ్చింది. రీల్స్‌లో స్టోయిక్కులు, ఎయిర్‌పోర్టు పుస్తకాల షాపులో స్టోయిక్కులు, ఆఫీసులో హెచ్‌ఆర్ వాళ్ళు జరిపే ‘వెల్‌నెస్ వీక్’లో స్టోయిక్కులు. తెలుగులో కూడా పాడ్‌కాస్టులొచ్చాయి. వద్దనను. ఏమీ చదవనివాడి కంటే రీలు చూసినవాడు నయమే. కానీ ఇందులో ఒక్కరూ ‘నువ్వు నమ్ముతున్నది తప్పేమో చూసుకో’ అనరు. మనసు కుదుటపడిందా, ఫోకస్ పెరిగిందా, నిద్ర పట్టిందా, ఇవే అడుగుతారు. తలనొప్పి మాత్ర అమ్మేవాడు కూడా ఇవే అడుగుతాడు. నా బాధ ఏంటంటే, నాకు ఆ రెండేళ్ళూ మనసు కుదుటగానే ఉంది. నొప్పి తెలియాల్సిన చోట తెలియకుండా పోవడమే నా జబ్బు.

ఇది నాకు అర్థమైంది పుస్తకాల వల్ల కాదు, బోర్ల వల్ల. అందుకని ముందు బోర్ల సంగతి చెప్పాలి.

మాది బత్తలపల్లె. అనంతపురం నుంచి కదిరి పోయే రోడ్డు మీద, ధర్మవరానికి తిరిగే చోట ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి మాది శ్రీ సత్యసాయి జిల్లా, అయినా అలవాటుకొద్దీ అనంతపురం అనే అంటాం. బయటివాళ్ళకి మా ఊరి పేరు తెలిస్తే ఆర్‌డీటీ ఆసుపత్రి వల్లే తెలుస్తుంది. పడమటి కనుమల వాననీడలో పడిపోయిన నేల. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ మనకి కావలసిన నెలలో పడుతుందని లేదు. పైన ఎర్రమట్టి, కింద రాయి. నా చిన్నప్పుడు ఎటు చూసినా శెనక్కాయే. జూన్, జూలైల్లో పదును చూసి విత్తడం, ఆగస్టులో ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడం. సింగమనేని నారాయణ ఒక కథకి ‘జూదం’ అని పేరు పెట్టారంటే ఊరికే పెట్టలేదు.

వానని నమ్మలేక బోర్లు. 1998 నుంచి 2011 దాకా మా నాయన 7 బోర్లు వేయించాడు. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరుబండి రాత్రంతా మోగేది. అడుక్కి ఇంతని లెక్క, కేసింగు పైపుకి వేరే లెక్క. తెల్లటి రాతిపొడి ఎగురుతున్నంత సేపూ చుట్టూ నిలబడినవాళ్ళెవరూ మాట్లాడరు. పొడి కాస్త తడిగా, బురదలాగా మారితే ఎవరో ఒకరు ‘పడినాయి పడినాయి’ అని అరుస్తారు. నేను ఆ అరుపు రెండుసార్లే విన్నాను.

పాయింటు పెట్టేది ఒక పెద్దాయన. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా నడిచేవాడు. కాయ నిక్కి నిలబడితే కింద నీళ్ళున్నట్టు. మోసగాడని అనడానికి లేదు. డబ్బు పెద్దగా తీసుకునేవాడు కాదు, నిజంగా నమ్మేవాడు, ఎండలో మైళ్ళు నడిచేవాడు. ఆయన పేరెత్తితే చాలు, నీళ్ళు పడిన చేన్లు వరసగా అప్పజెప్పేవాళ్ళు. చెరువు కింద చీనీ తోటలో మూడించిలు, రోడ్డు పక్క మల్లె తోటలో రెండించిలు, అట్లా. నాలుగో బోరుకి ముందురోజు రాత్రి నాయన ఆ జాబితా అంతా అవ్వ ముందు చదివాడు. అవ్వ వక్కాకు నముల్తా మొత్తం విని, “అవన్నీ సరే రా. ఎండిపోయినేటివి యాడికి పోయినాయి?” అనింది.

ఎవరూ జవాబు చెప్పలేదు. పొద్దున్నే టెంకాయ కొట్టి బండి నిలబెట్టారు. 340 అడుగులు. మొత్తం దుమ్ము.

చాలా ఏళ్ళ తర్వాత, సిసెరో దేవుళ్ళ స్వభావం మీద రాసిన సంభాషణలో ఒక చిన్న కథ చదివాను. డయాగరస్ అని ఒక గ్రీకు నాస్తికుడు. మొక్కుకుని సముద్ర ప్రమాదం నుంచి బయటపడినవాళ్ళు గుడిలో పెట్టించిన పటాలు చూపించి, చూశావా దేవుళ్ళ దయ అని స్నేహితుడు అంటే, మునిగిపోయినవాళ్ళ పటాలు ఎక్కడున్నాయి అని ఈయన అడిగాడట. 1620లో ఫ్రాన్సిస్ బేకన్ ఆ కథనే మళ్ళీ ఎత్తుకుని, మనిషి బుద్ధికున్న జబ్బుల్లో ఇదొకటన్నాడు. అనుకున్నట్టు జరిగినవి పట్టుకుంటాం, జరగనివి జారవిడుస్తాం. మా వృత్తిలో దీనికి సర్వైవర్‌షిప్ బయాస్ అని పేరు, ఇంటర్వ్యూల్లో కూడా అడుగుతారు.

ఇక్కడ ఆపి, ‘చూశారా, చదువురాని మా అవ్వ సిసెరోకి ఏం తీసిపోయింది’ అంటే మీకూ హాయిగా ఉంటుంది, వ్యాసానికి షేర్లు కూడా వస్తాయి. కానీ అదే అవ్వ ఐదో బోరుకి తన చెవికమ్మలు తీసిచ్చింది. అదే పెద్దాయన పెట్టిన పాయింటుకి. ప్రశ్న ఆ రాత్రి వచ్చింది, తెల్లారేసరికి పోయింది. పల్లెటూరి వివేకం గురించి మనం మురిసిపోయి రాసుకునే కథల్లో ఈ తెల్లారిన తర్వాతి భాగం ఎప్పుడూ ఉండదు. మంచి ప్రశ్న ఎవరికైనా ఒకసారి తడుతుంది. రెండోసారి, మూడోసారి, మనకి ఆశ ఎక్కువగా ఉన్న రోజున కూడా అదే ప్రశ్న అడగడానికి ఆ క్షణపు తెలివి సరిపోదు. దానికి అలవాటు కావాలి. మాది పాల లెక్క గోడ మీద బొగ్గుతో రాసే ఇల్లు. కూలీల లెక్క, చీటీ లెక్క, వడ్డీ లెక్క అన్నీ రాసేవాళ్ళం. ఆ పెద్దాయన పెట్టిన పాయింట్లెన్ని, పడినవెన్ని, పడినవి ఎన్నేళ్ళు నిలిచాయని ఆ గోడ మీదే నాలుగు గీతలు గీసే ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

2011లో ఏడో బోరు కూడా ఎండినప్పుడు నేను ఇంజనీరింగు చివరి ఏడాదిలో ఉన్నాను. అప్పు తీర్చడానికి మూడెకరాలు అమ్మాల్సి వచ్చింది. సెలవులకి వచ్చి నాయనతో నేనన్న మాటలు ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది. మూఢనమ్మకం అన్నాను. టెంకాయకి ఫిజిక్స్ వచ్చా అన్నాను. మన నేలలో నీళ్ళుండేది పైనున్న మెత్తబడిన రాతి పొరలో, దాని కింద గట్టి రాతి పగుళ్ళలో, బోరు పగులుకి తగిలితే నీళ్ళు, తగలకపోతే ఎన్ని వందల అడుగులు పోయినా దుమ్మే అని పాఠం చెప్పాను. సర్వే చేసేవాళ్ళని పిలవాలని కూడా తెలీదా అని అరిచాను. చెప్పిన సైన్సు మొత్తం సరైనదే. నాయన తల దించుకుని విన్నాడు. ఇద్దరం ఆ విషయం పన్నెండేళ్ళకు పైగా మళ్ళీ ఎత్తలేదు.

పదేళ్ళ తర్వాత నా టెంకాయ ఫోన్లో ఉంది. పచ్చ, ఎర్ర కడ్డీలతో ఒక చార్టు. మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో గురువారం ఎక్స్‌పైరీ సాయంత్రాల్లో లాభాల స్క్రీన్‌షాట్లు పడేవి. ఒకడు లక్షా ఇరవై వేలు, ఇంకొకడు డెబ్భై. నష్టం వచ్చినవాళ్ళు ఆ రోజు గుడ్‌ నైట్ మాత్రం పెట్టేవాళ్ళు. నేనూ రెండు స్క్రీన్‌షాట్లు పెట్టాను. ఆ రెండు అంకెలూ ఇవాళ్టికీ రూపాయలతో సహా చెప్పగలను. 2023 జనవరిలో సెబీ ఒక అధ్యయనం బయటపెట్టింది. ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో దిగిన మామూలు జనంలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది నష్టపోతున్నారని అందులో ఉంది. నేను దాన్ని చదివాను. చదివిన మర్నాడు పొద్దున నోట్‌బుక్కులో ‘మార్కెట్ నా చేతిలో లేదు, నా స్పందన నా చేతిలో ఉంది’ అని రాసుకుని, తొమ్మిదింపావుకి మార్కెట్ తెరవగానే ఆర్డరు పెట్టాను.

ఆ వాక్యంలో తప్పేం లేదు. ఎపిక్టెటస్ చెప్పింది దాదాపు అదే. కానీ ఆ పొద్దున అది చేసిన పని చూడండి. ‘ఇప్పటిదాకా మొత్తం ఎంత పోయింది?’ అనే ప్రశ్నకీ నాకూ మధ్య వచ్చి కూర్చుంది. ఆ ప్రశ్న చివరికి నా ఆడిటర్ అడిగాడు, ట్యాక్సు రిటర్ను కోసం. రెండేళ్ళ స్టేట్‌మెంటు దించితే చివరి గడిలో ఎర్ర అంకె. ఆ తర్వాతి ఏడాది, 2024 సెప్టెంబరులో, సెబీ మూడేళ్ళ లెక్క ఇచ్చింది. కోటి మందికి పైగా ట్రేడర్లలో 93 శాతం నష్టం, అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల పైన. డయాగరస్ అడిగిన పటాలు ఎవరో కూర్చుని గీసి గోడకి తగిలించినట్టే ఉంది. ఇంత పెద్ద గోడ కట్టినా మా గ్రూపులో స్క్రీన్‌షాట్లు ఆగలేదు.

మార్కస్‌ని నేను తప్పుపట్టను. ఆయన మనకోసం రాయలేదు. డాన్యూబ్ సరిహద్దు యుద్ధాల్లో ఉండగా కొంత భాగమైనా రాసుకున్న సొంత చిట్టా అది. గ్రీకులో దానికి వచ్చిన పేరుకి అర్థమే ‘తనకు తాను’ అని. ఒక చక్రవర్తి, చుట్టూ పొగిడేవాళ్ళే ఉన్నవాడు, తనని తాను మందలించుకుంటున్నాడు. సెనెకా సంగతి ఇంకా స్పష్టం. కోపం మీద రాసిన గ్రంథంలో తన రాత్రి అలవాటు చెప్తాడు. దీపం తీసేశాక, ఈ అలవాటు తెలిసిన భార్య మౌనంగా ఉంటే, ఆ రోజు చేసినవీ అన్నవీ మొత్తం వెనక్కి తిరగేస్తాడు, ఏదీ దాటవేయకుండా. ఎవరితో వాదన శృతి మించింది, ఎవర్ని దిద్దబోయి నొప్పించాడు, అన్నీ కోర్టులో ముద్దాయిలా తనకి తనే చెప్పుకుంటాడు. (ఈయన నీరో కొలువులో ఉండి విపరీతంగా గడించినవాడు, ఆ రాత్రి విచారణల్లో ఏ కేసులు కొట్టేశాడో అన్నది వేరే గొడవ.) ఇలాంటి పుస్తకాల్లోంచి మందలింపు తీసి పారేసి, ఓదార్పు మాత్రం సీసాలో పోసి మన తరానికి అమ్ముతున్నారు. మనం కొనుక్కుని, ఖాళీ సీసాతో ఎదుటివాడి తల మీద కొడుతున్నాం. ‘బ్రో, బీ స్టోయిక్.’

వేమనకి మనం చేసింది ఇంతకంటే ఘోరం, ఎందుకంటే ఆయన పక్కింటి మనిషి. బత్తలపల్లె నుంచి ముదిగుబ్బ మీదుగా కదిరి చేరి, ఇంకాస్త ముందుకు పోతే గాండ్లపెంట మండలంలో కటారుపల్లె. వేమన సమాధి అక్కడుంది. 1829లో సి.పి. బ్రౌన్ ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించిన దగ్గర్నుంచి, 1920ల చివర్లో మా జిల్లావాడే అయిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఇచ్చిన ఉపన్యాసాలు, ఆ తర్వాత నార్ల, ఎన్. గోపి దాకా ఆయన మీద మంచి పని చాలా జరిగింది. అదంతా గ్రంథాలయంలో ఉంది. బళ్ళో మాకు దొరికిన వేమన వేరు. పద్యం పూరించు, ప్రతిపదార్థం రాయి, భావం రాయి, నాలుగు మార్కులు. పదేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ ‘ఇది నిజమేనంటావా? నీ ఇంట్లో, నీ వీధిలో చూసి చెప్పు’ అనలేదు. దేన్నీ ఊరికే ఒప్పుకోనివాణ్ణి ఊరికే ఒప్పుకోవడం మాకు నేర్పారు.

ఆ మకుటాన్నే చూడండి. అందులో మొదటి మాటల చుట్టూ కథలు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోను. చివరి సంబోధన వేమకి. చెప్పేది వేమన, వినమంటున్నదీ వేమననే. ఇంకో రకంగా అన్వయించే పండితులున్నారు, నేను మాత్రం ఇలాగే చదువుకుంటాను. దొంగ గురువుని తిట్టినా, పిసినారిని తిట్టినా, రాయికి మొక్కేవాణ్ణి తిట్టినా, నాలుగో పాదానికి వచ్చేసరికి వేలు తన వైపుకే తిరుగుతుంది. మనం ఆ వేలు పట్టుకుని మళ్ళీ బయటికి తిప్పాం. అయ్యవారు పిల్లల మీదికి, మామ కోడలి మీదికి, నాయకుడు ఎదుటి పార్టీ మీదికి. జనవరి 19న వేమన జయంతి పోస్టులు వందల్లో వస్తాయి. వాటిలో ఎవరన్నా తన పేరు పెట్టి తననే తిట్టుకున్న పోస్టు మీరు చూసి ఉంటే నాకు పంపండి.

మన సాహిత్యపు మనుషులు దీనికి అతీతులేం కాదు. వెబ్ పత్రికల్లో ‘నాలోకి నేను’ అంటూ మొదలయ్యే కవితలు వారానికి పది చదువుతాం. లోపలికి పోయినవాళ్ళకి అక్కడ వాన దొరుకుతుంది, అమ్మ దొరుకుతుంది, పాత ఇంటి పెంకులు దొరుకుతాయి. ఒక్కరికీ తప్పు దొరకదు. సమీక్షలు రాసే నాలాంటివాళ్ళ పరిస్థితి ఇంకా అన్యాయం. 2018లో ఒక కథల సంపుటి గురించి ‘పదేళ్ళ తర్వాత కూడా మాట్లాడుకుంటాం’ అని రాశాను. ఏడేళ్ళకే అందులో ఒక్క కథ కూడా నాకు గుర్తులేదు. మళ్ళీ చదివి, అప్పుడు పొరబడ్డాను అని రాయాలి కదా. తెలుగులో అలాంటి సమీక్ష నేను చదవలేదు, రాయలేదు. మనం ‘నిలిచిపోతాయి’ అని దీవించిన పుస్తకాల్లో ఎండిపోయినవి యాడికి పోయినాయి?

ఇదంతా ఒక మిత్రుడికి చెప్తే గట్టిగానే తగులుకున్నాడు. “మీ నాయన మునిగింది ఆలోచన సరిగ్గా లేక కాదు. కాలవ రాక, బ్యాంకు అప్పు పుట్టక. నువ్వు బాధితుడి చేతికి డైరీ ఇచ్చి రాసుకోమంటున్నావు. ఇది కూడా నువ్వు తిడుతున్న ఆ యాపు లాంటిదే” అన్నాడు. ఈ మాట బలమైంది. హంద్రీ-నీవా నీళ్ళు ఇరవై ఏళ్ళ ముందు వచ్చుంటే మా నాయన టెంకాయ పెద్దాయన గడప తొక్కేవాడే కాదు. 2002లో వాల్టా చట్టం వచ్చింది, బోరుకి అనుమతి ఉండాలంది. అయినా మా చుట్టుపక్కల బండ్లు మోగుతూనే ఉన్నాయి. ఎవరి కింది నీళ్ళు ఎవరు తోడుకున్నారనేది ఏ నోట్‌బుక్కుతోనూ తేలదు. ఇదంతా ఒప్పుకుంటాను.

ఒప్పుకున్నాక కూడా నాలుగో బోరు మిగిలే ఉంది. అది వేయాలా వద్దా అన్నది ఏ సెక్రటేరియట్‌లోనూ జరగలేదు, మా ఇంట్లో, అవ్వ మంచం దగ్గర జరిగింది. అక్కడ ఆగి ఉంటే మూడెకరాల్లో కొంతైనా మిగిలేది. పేదవాడికి పొరపాటు ఖరీదు ఎక్కువ కాబట్టి లెక్క చూసుకునే అలవాటు వాడికే ఎక్కువ అవసరం. నాకు 11 లక్షలు పోతే ఏడాదిన్నర పొదుపు పోయింది. మా నాయనకి ఏడు బోర్లు పోతే నేల పోయింది. ఇంకో మాట. మునిగినవాళ్ళ పటాలు అడిగే అలవాటున్నవాడే ప్రభుత్వాన్ని కూడా నిలదీస్తాడు. ప్రతి ఎన్నికకీ మా వైపు శంకుస్థాపనల ఫోటోలు పత్రికల నిండా వస్తాయి. అవ్వ ప్రశ్న అక్కడ కూడా పనికొస్తుంది.

నా మిత్రుడన్న దానిలో డైరీ గురించిన భాగం మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే నేను నిజంగానే డైరీ పెట్టాను.

ఆఫీసులో ఈ పని మాకు జీతమిచ్చి నేర్పుతారు. అర్ధరాత్రి సర్వరు పడిపోతే, లేపి నిలబెట్టాక, పోస్ట్‌మార్టం రాస్తాం. ఏం జరుగుతుందనుకున్నాం, ఏం జరిగింది, ఏ గుర్తు కనబడినా పట్టించుకోలేదు. ఎవర్నీ నిందించకూడదని నియమం. నింద ఉన్న చోట నిజం దాక్కుంటుందని మా వృత్తికి దెబ్బలు తిన్నాక తెలిసింది. అదే ఇంజనీరు ఇంటికొచ్చి, సొంత జీవితంలో ఏది పడిపోయినా ‘టైం బాలేదు’ అంటాడు. నేను ఇప్పుడు చేసేది దాన్నే ఇంటికి తెచ్చుకోవడం. లాంగు నోటుబుక్కు ఒకటి. పెద్ద నిర్ణయమేదైనా, ఎవరి మీదైనా గట్టి అభిప్రాయమేదైనా వచ్చినప్పుడు తేదీ వేసి, ఏం జరుగుతుందనుకుంటున్నానో, ఎందుకనుకుంటున్నానో, ఎప్పటికి తేలుతుందో రాస్తాను. పెన్నుతో, దిద్దకుండా. తేలిన రోజు పక్కన ఒప్పో తప్పో వేస్తాను. డార్విన్ తన ఆత్మకథలో ఇలాంటి నియమమే ఒకటి చెప్పుకున్నాడు. తన సిద్ధాంతానికి అడ్డం పడే విషయం ఎదురైతే అప్పటికప్పుడే రాసి పెట్టుకునేవాడట, అలాంటివే తొందరగా మరుపుకొస్తాయని గమనించి.

ఇందులో ప్రశాంతత ఏ కోశానా లేదు. మొదటి నెలలు పరమ చిరాకు. 31 రాస్తే 19 తప్పాయి. ప్రాజెక్టుల మీద వేసిన అంచనాలు కాస్త నయం, మనుషుల మీద వేసినవి దారుణం. మూడు నెలల్లో మానేస్తాడని రాసిన కుర్రాడు ఇప్పుడు మా టీము లీడు. నా భార్య ఏమంటుందో ముందే తెలుసనుకుని రాసినవి నాలుగు, నాలుగూ తప్పే. ఆమెకి చూపిస్తే, ఐదోది తనే చెప్పి రాయించింది. ఏది తేలిందో నేనే తేల్చుకుంటే మళ్ళీ మోసానికి చోటుంటుంది, అందుకని అప్పుడప్పుడూ ఎవరికో ఒకరికి చదివి వినిపించాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఈ సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు నాయనకి వినిపించాను. ముందు 11 లక్షల సంగతి చెప్పాల్సి వచ్చింది. అప్పటిదాకా చెప్పలేదు. వాకిట్లో మంచం మీద కూర్చుని విన్నాడు. నేను ఎదురుచూసింది 2011లో నేనన్న మాటలు తిరిగి వస్తాయని. రాలేదు.

“ఎన్నాళ్ళు పట్టింది?” అన్నాడు.

“రెండేళ్ళు.”

“నాకు ఏడింటికీ కలిపి అంత కాలేదు రా.” కాసేపాగి, “ఆ బుక్కు ఇట్ల తీ. రాసుకో” అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాడు. 1998, 180 అడుగులు, రెండించిలు, నాలుగేండ్లు ఇచ్చినాది. 2000, 260 అడుగులు, దుమ్ము. ఏడూ చెప్పాడు, అడుగులతో, కేసింగు పైపుల ఖర్చుతో, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చాడో దానితో సహా. మా బోర్లే కాదు, చుట్టుపక్కల అదే పెద్దాయన పాయింటు పెట్టగా ఎండినవి ఇంకో పద్నాలుగు చెప్పాడు. ఒక్క చోట కూడా తడుముకోలేదు. బేకన్, డార్విన్, నేను, ముగ్గురం మరుపు మరుపు అని గోల చేస్తున్నాం. ఈయన దేన్నీ మరిచిపోలేదు. అవ్వ అడిగిన రాత్రి జవాబు చెప్పలేకపోయాడు, అప్పు తెచ్చేశాడు కాబట్టి. నేను అరిచిన రోజు చెప్పలేకపోయాడు, నేను అడగలేదు కాబట్టి. పన్నెండేళ్ళకు పైగా ఆ లెక్క మొత్తం ఒంటరిగా నెత్తిన పెట్టుకుని తిరిగాడు. ఎవర్నీ నిందించకూడదన్న నియమాన్ని నేను ఆఫీసులోనే వదిలేసి ఇంటికొచ్చేవాణ్ణని అప్పుడు తెలిసింది.

రెండు పేజీలు నిండాయి. తర్వాత నాయన గొంతు తగ్గించి, “మీ చిన్నాయన వచ్చే నెల బోరేయాలనుకుంటాండాడు. 750 అడుగుల్లో రెండించిలు పడతాయన్నారంట” అన్నాడు.

“సర్వే చేయించినాడా, టెంకాయా?”

“రెండూ.”

పేజీ తిప్పి తేదీ వేశాను. “నువ్వేమంటావు నాయనా?”

చానాసేపు పెన్ను వైపే చూస్తూ కూర్చున్నాడు. “పడవు అని రాయి.”

రాశాను. లోపల్నుంచి అమ్మ, “ఇంకా బండే రాలేదు, అట్ల రాయొద్దండి” అని కేకేసింది.

“అయితే ఆయమ్మ పేరు మీద పడతాయని రాయి” అన్నాడు నాయన. “ఫిబ్రవరి ఆఖరుకు తేలుతాది.”

దాని కింద అదీ రాశాను.